నా మీద లేని పేరు

నేను ఒక అయిదు లీటర్ల అల్యూమినియం కుక్కర్‌ని. ముందే చెప్పేస్తున్నాను, నా నోరు పెద్దది, కోపం ముక్కు మీదే ఉంటుంది. పొయ్యి ఎక్కించిన కాసేపటికల్లా నాలుగిళ్ళకు వినపడేలా అరుస్తాను. మీ ఇంట్లో అలా అరిచే మనిషి ఉంటే ఇరుగుపొరుగు నవ్వుతారు. నేను అరవకపోతే మాత్రం రిపేరుకు పంపుతారు. మనుషుల న్యాయం ఇలాగే ఉంటుంది.

పుట్టినప్పుడు నాకు నోరే లేదు. ఒట్టి గుండ్రటి రేకుబిళ్ళని. ఒక పెద్ద యంత్రం నడినెత్తిన ఒక్క పోటు పొడిచి నన్ను గిన్నెను చేసింది. తర్వాత మూత బిగించి, లోపలికి ఒత్తిడి ఎక్కించి, పగులుతానేమోనని చూశారు. పగల్లేదు కాబట్టి అట్టపెట్టెలో పెట్టారు. నా పక్కనున్నవాడు అంచు దగ్గర బుస్సుమన్నాడు. వాణ్ణి కరిగించటానికి తీసుకుపోయారు. వాడికన్నా నేనేమీ గొప్పవాణ్ణి కాదు, ఇద్దరం ఒకే రేకులోంచి వచ్చినవాళ్ళం. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టులో వెంకటాద్రి అనే ఆయన మేనకోడలి పెళ్ళికని నన్ను కొన్నాడు. కొని ఊరుకుంటే మనవాడెలా అవుతాడు? మనకు గిన్నె ఇస్తే సరిపోదు, ఇచ్చిందెవరో ఆ గిన్నె చేతే చెప్పించాలి. పేర్లు చెక్కేవాడు సూది మిషను పట్టుకుని నా భుజం మీద టిక్కుటిక్కుమని చుక్కలు పొడిచాడు. 'చి.సౌ. హైమావతికి మేనమామ వెంకటాద్రి.' ఆ పేరుతోనే కాపురానికి వెళ్ళాను. కొన్నేళ్ళపాటు పప్పూ అన్నమూ తప్ప నాకు వేరే లోకం తెలియదు.

ఒకరోజు హైమావతి నా మూత బిగిస్తూ ఆగి, మెడ తడుముకుంది. గోళీకాయంత గడ్డ. ఊళ్ళో క్షయ అన్నారు. నెలల తరబడి ఆ మందులు మింగించారు. గడ్డ తగ్గలేదు సరికదా, దానికి తోడు చంకలో ఇంకోటి లేచింది. చివరికి ముక్క తీసి పరీక్షిస్తే లింఫోమా అని తేలింది. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే దొంగలైపోయే కాన్సరు అది. మందులతో తగ్గింది, ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఇక మూలకణాల మార్పిడి చెయ్యాలన్నారు. హైమావతి హైదరాబాదు బయలుదేరింది, సామాన్లతో పాటు నేనూ బయలుదేరాను.

ఆసుపత్రి వెనక సందులో మూడంతస్తుల మేడ ఉంది. రోగుల తాలూకు వాళ్ళకు గదులు అద్దెకిస్తారు. గదికో మంచం, ఓ గ్యాసు పొయ్యి. ఆ మేడను చూసుకునేది విమలక్క. వరంగల్ మనిషి, బొడ్లో తాళాల గుత్తి, నోట్లో ఎప్పుడూ ఒక సోంపు గింజ. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకూ డాక్టర్లు చెప్పిందాన్ని ఆమె మళ్ళీ చెబుతుంది.

"ఏం లేదమ్మా. ముందుగాల విత్తనాలు తీసి దాస్తరు. మన ఒంట్లయే. తర్వాత చేనంత మందు కొడ్తరు, గడ్డిపోస గూడ మిగలది. అటెన్క దాసిన విత్తనాలు మల్ల సల్లుతరు. మొలిచేదాక చేనుకు కావలి ఉండాలె. గంతే."

ఆ కావలిలో నాకూ ఉద్యోగం దొరికింది. మందు కొట్టిన ఒంట్లో రోగాన్ని తరిమే కణం ఒక్కటీ మిగలదు. మీరూ నేనూ లెక్కచెయ్యని పురుగు వాళ్ళకు యముడు. అందుకని ఆ వార్డులో ఒక నియమం ఉంది. తిండి ఏదైనా కుక్కర్‌లోనే ఉడకాలి, మూత తియ్యకుండా అలాగే తేవాలి. గుమ్మం దగ్గర నర్సమ్మ నా ఒళ్ళంతా స్పిరిట్‌తో తుడిచేది. ముక్కుకు గుడ్డ, ఒంటికి గౌను తొడుక్కున్న మనిషి నన్ను లోపలికి తీసుకెళ్ళి, మంచం పక్కన మూత తీసేవాడు. పెరుగు లేదు, పచ్చడి లేదు, పైన చల్లే కొత్తిమీర లేదు. నా కూత వినకుండా ఆ గదిలో ఒక్క మెతుకు లోపలికి పోలేదు.

హైమావతి చేను మొలిచింది. ఇంటికి పోయేటప్పుడు సామాన్లు సర్దుకుంటూ నన్ను పక్కన పెట్టింది. "దీన్ని ఉంచు విమలక్కా. వెనకొచ్చేవాళ్ళు మళ్ళీ కొత్తది కొనాలా ఏమిటి?" అంది. ఆ మంచి మనసు వల్ల నా బతుకే మారిపోయింది.

తర్వాత నాలో వండించుకున్నవాడు అనంతపురం డ్రాయింగు మాస్టారు దక్షిణామూర్తి. ఆయనా బాగుపడ్డాడు. పోయేముందు నన్ను బజారుకు తీసుకెళ్ళి, హైమావతి పేరు కింద తన పేరు చెక్కించాడు. ఆ తర్వాత ఫాతిమా, ఆ తర్వాత ఇంకొకరు. ఇంటికి పోయేరోజున పేరు చెక్కించటం ఆ మేడలో ఆచారమైపోయింది. మనుషులు ఒక పని రెండుసార్లు చేస్తే అలవాటు, మూడోసారి చేస్తే ఆచారం, నాలుగోసారికి దానికో మహిమ అంటగడతారు. నా విషయంలో కూడా అదే జరిగింది. "ఈ కుక్కర్ల వండుకున్నోళ్ళంత బతికిర్రంట" అన్న మాట పుట్టింది. పేర్లు కనబడుతున్నాయి కదా, ఇంకేం సాక్ష్యం కావాలి?

అది అబద్ధం. నా భుజం మీద లేని పేర్లు నాకు తెలుసు.

మిర్యాలగూడ దగ్గర నుంచి వచ్చిన సైదులు పేరు నా మీద లేదు. ట్రాలీ ఆటో నడిపేవాడు. వాళ్ళమ్మ మాణిక్యమ్మ నాలోనే వండింది, అందరికన్నా శుభ్రంగా వండింది. బియ్యం కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా వదిలేది కాదు. విత్తనం మొలవకముందే ఊపిరితిత్తుల్లోకి చీము చేరి అతను పోయాడు. ఆ రోజు ఆమె తెచ్చిన పప్పన్నం మూత తియ్యకుండానే వెనక్కి వచ్చింది. దక్షిణామూర్తి పేరు నా మీద ఉంది కానీ మనిషి లేడు. రెండేళ్ళకు జబ్బు తిరగబెట్టింది. ఆ కబురు ఫోన్లో వచ్చినప్పుడు విమలక్క నన్నే తోముతోంది. ఆమె చెయ్యి మాస్టారి పేరు మీద ఆగి, మళ్ళీ కదిలింది. ఎవరికీ చెప్పలేదు. ఆశతో వచ్చినవాళ్ళ నోట్లో మన్ను కొట్టటం ఆమెకు చేతకాదు.

అలాంటి రోజుల్లో రాజమల్లు వచ్చాడు.

సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. అక్కడ కరెంటు మగ్గాలను సాంచాలంటారు. భార్య సువర్ణ లంగాలు కుట్టేది. ఆరేళ్ళ కూతుర్ని అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చారు. సువర్ణకు కూడా హైమావతి లాగే, ఒకసారి తగ్గి మళ్ళీ వచ్చిన జబ్బు. పదిమందికి చేస్తే అయిదారుగురు బాగుపడతారని డాక్టరు దాచకుండా చెప్పాడట. రాజమల్లు మెట్లెక్కుతూనే విమలక్కను అడిగిన మొదటి మాట, "పేర్ల కుక్కర్ ఎవల దగ్గరున్నది అక్కా?"

అయిదారుగురు అన్నది అతని చెవికెక్కలేదు. మిగతా నలుగురిలో తన భార్య ఉండకూడదు, అంతే. దానికి దారి నేనే అనుకున్నాడు.

చూడాలి మీరు మా వంట! పెళ్ళయిన నాటినుంచి పొయ్యి వైపు చూడని మనిషి. మొదటిరోజు నీళ్ళు పొయ్యకుండా నన్ను పొయ్యెక్కించాడు. రెండోరోజు పోశాడు గానీ బియ్యం మరిచిపోయాడు. సువర్ణ ఇంకా మంచం పట్టలేదు, గది మూల కూర్చుని నవ్వలేక దగ్గేది. "ఏందయ్యా, ఉత్త నీళ్ళకు ఎన్ని కూతలు పెట్టిస్తవు? గవి ఎప్పుడో ఉడికినయి" అనేది. ఆమె ఒళ్ళు అలిసినా నాలుక అలిసేది కాదు. నాకామె అందుకే నచ్చింది.

నేర్చుకున్నాడు. అయితే దానితో పాటు నాకు పూజ కూడా మొదలుపెట్టాడు. రోజూ వంటకు ముందు నా మూతకు పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టేవాడు. నర్సమ్మ గుమ్మం దగ్గర చూసి మండిపడింది. "పచ్చి పొడులు లోపలికి తేవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అని తనే రుద్దిరుద్ది తుడిచింది. అప్పటినుంచి బొట్టు నా అడుగున పెట్టటం మొదలుపెట్టాడు. అది మంటకు మాడిపోయేది. ఇంకెవర్నీ నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. విమలక్క తోముతానన్నా వద్దనేవాడు.

సువర్ణకు మందు ఎక్కించారు. దాచిన విత్తనాలు చల్లారు. ఆ రోజు గదంతా వెల్లుల్లి లాంటి వాసన, కణాలు చెడకుండా వేసిన మందుది. ఆ తర్వాత ఆమె రక్తకణాల కౌంటు పడిపోతూ వచ్చింది. నోరంతా పూసి, గుటక వెయ్యటానికి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. జుట్టు లేదు, కనుబొమ్మలు లేవు, అద్దాల తలుపు వెనక నుంచి చూస్తే చిన్నపిల్లలా ఉండేది. నేను తెచ్చిన జావలో రెండు చెంచాలు తిని, మిగిలింది చూసి "రేపు తింట" అనేది. రోజూ అదే మాట. చేను ఇంకా మొలవలేదు.

సరిగ్గా అప్పుడే నా రబ్బరు పోయింది. మూతకూ నాకూ మధ్య ఉండే ఆ చక్రం గట్టిపడి బిగుసుకుపోయింది. ఆవిరి పక్కల్నుంచి బుస్సుమని జారిపోతోంది, విజిల్ లేవటంలేదు. విజిల్ లేకపోతే తిండి వార్డులోకి పోదు. విమలక్క చూసి, అల్మరాలోంచి అట్టపెట్టె విప్పని కొత్త కుక్కర్ తెచ్చిచ్చింది.

"దీంట్ల వండు. దాన్ని సాయంత్రం బాగుచేపిస్త."

"వద్దక్కా. గీ పది దినాలు దీంట్లనే. మార్చొద్దు."

"అరె, కుక్కరే గదనయ్యా!"

"నీకు కుక్కర్. నాకు సువర్ణ" అన్నాడు. నిజం చెప్పాల్సిన సమయం అదే. విమలక్క చెప్పలేదు, సోంపు గింజ నములుతూ దిగిపోయింది.

రాజమల్లు నేతపనివాడు కదా, చేతికి నూలు దొరికితే ఏ సమస్యనైనా దానితోనే కడతాడు. సంచిలోంచి నూలు తీసి, పేనిమీద పేని, రబ్బరు కింద చుట్టూ చుట్టి బిగించాడు. నిజం చెప్పొద్దూ, పనితనం గొప్పది. ఆవిరి జారటం ఆగిపోయింది. నేను కూతపెట్టాను. అతను నాకు దణ్ణం పెట్టాడు. అలా రెండు రోజులు గడిచాయి.

మూడోరోజు పొద్దున డాక్టరు పిలిచాడు. సువర్ణకు జ్వరం పెరిగింది, చిగుళ్ళలోంచి రక్తం కారుతోంది, ప్లేట్‌లెట్లు అడుగంటాయి. ఇవాళే ఎక్కించాలి, ఇచ్చేవాళ్ళను తెచ్చుకోండి అన్నారు. రాజమల్లు తనవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. ఇద్దరు బస్సెక్కి వచ్చారు. ఒకతనిది గ్రూపు కలవలేదు, ఇంకొకతనికి పచ్చకామెర్లు వచ్చి తగ్గిందట, పనికిరాదన్నారు. విమలక్క "ఆగు, నేను పిలుస్త ఒకల్ని" అని ఎవరికో ఫోను చేసింది.

మధ్యాహ్నం వంటకు కూర్చున్నాడు. పెసరపప్పు, బియ్యం, నీళ్ళు, అన్నీ కొలత దాటి పోశాడు. నేను సగం కన్నా ఎక్కువ నిండకూడదు, పెసరపప్పు నురగ కక్కుతుంది. విజిల్ కింద ఉన్న గొట్టం రోజూ ఊది చూసుకునేవాడు, ఆ రోజు చూడలేదు. నిన్నటి పప్పుతొక్క అందులో ఎండి అడ్డుపడి ఉంది. నూలు పేనిన రబ్బరు బిగించి, మూత వేసి, మంట పెట్టాడు.

లోపల ఉడుకు మొదలైంది. ఆవిరి పైకి లేచి గొట్టం దగ్గరకు వెళ్ళింది, దారి లేదు. పక్కలకు వెళ్ళింది, అక్కడ నూలు కాపలా కాస్తోంది. నాకు భయం తెలిసింది అప్పుడే. జీవితమంతా అరిచి బతికినవాణ్ణి, అరవాల్సినప్పుడు నోరు పడిపోయింది. రాజమల్లు నా వైపే చూస్తున్నాడు. కూత రావటంలేదు. "ఒర్లయ్యా ఒర్లు, జల్ది" అంటూ మంట పెంచాడు. నా ముఖానికి దగ్గరగా వంగి, విజిల్ దగ్గర చెవి పెట్టాడు.

ఆ క్షణంలో తలుపు తోసుకుని ఒక ముసలామె వచ్చింది.

"బిడ్డా, జరుగు! మంట బంద్ చెయ్యి!"

అతను కదల్లేదు. ఆమే వచ్చి, రెక్క పట్టి అతన్ని వెనక్కి లాగి, పొయ్యి ఆపింది. ఆపటమూ, నా మూత మీది సేఫ్టీ వాల్వ్ ఎగిరిపోవటమూ ఒక్కసారే జరిగాయి. పెసరపప్పు పైకప్పుకు కొట్టుకుంది. అతని ముఖం ఉండాల్సిన చోట వేడి ఆవిరి స్తంభంలా లేచింది. ఎవరికీ ఏమీ కాలేదు. నాలో మిగిలిన మెతుకులు వార్డుకు పనికిరావు.

రాజమల్లు నేలమీద కూలబడ్డాడు. పడ్డ పప్పును చేత్తో పోగు చేస్తున్నాడు. "అయిపాయె. అంత అయిపాయె. పేర్ల కుక్కరే పేలిపాయె. ఇగ సువర్ణ బతుకది అవ్వా."

మాణిక్యమ్మ, విమలక్క ఫోనులో పిలిచింది ఆమెనేనని మీకు తెలిసే ఉంటుంది, కొడుకు పోయినప్పటికన్నా నలిగిపోయి ఉంది. నన్ను గుర్తుపట్టింది. చల్లారేదాకా ఆగి, నా భుజం మీద చెయ్యి వేసింది.

"దీంట్ల వండితె బతుకుతరని ఎవడు చెప్పిండు నీకు?"

"అందరు అంటరు. పేర్లు చూడు, అందరు బతికిర్రు."

"నా కొడుక్కు గూడ నేను దీంట్లనే వండిన." గొంతు పెంచలేదు. "గిదే పొయ్యి, గిదే అర్ర. సైదులు వాని పేరు. ఏడున్నది వాని పేరు? చూపెట్టు."

రాజమల్లు చూశాడు. పేర్లన్నీ ఒక్కొక్కటీ చూశాడు. ఆమె ముఖం చూశాడు. నేను చూసిన ముఖాల్లో అంత భయపడ్డ ముఖం లేదు. నాకు జాలేసింది. నా మీద కొండంత ఆశ పెట్టుకున్నాడు, నాకేమో అన్నం ఉడికించటం తప్ప ఏదీ రాదు.

"మరి నేనేం చెయ్యాలె?" అన్నాడు.

"అన్నం వండాలె. పొద్దుగూకుతె నీ పెండ్లాం ఆకలితోటి పంటది. లే." విమలక్క కొత్త కుక్కర్ తెచ్చిచ్చింది. మాణిక్యమ్మే బియ్యం కడిగింది, నీళ్ళు తేటపడేదాకా. "సైదులు దోస్తులిద్దరు దవాఖానల ఉన్నరు. ఆటోవాళ్ళు. గ్రూపు కలిసింది, సూది పెట్టిచ్చుకుంటున్నరు. వాడు పోయినా నేను ఆపలే బిడ్డా. ఎవలకు కావాల్నన్నా తోలుకొస్త. వాని పేరు మీద రక్తమన్న పారుతది."

కొత్త కుక్కర్ కూతపెట్టింది. నాకన్నా సన్నటి గొంతు. రాజమల్లు దాన్ని ఎత్తుకుని పరుగెత్తాడు. నేను వాల్వ్ ఊడిన నెత్తితో సింకులో మిగిలిపోయాను.

తర్వాత జరిగింది నేను చూడలేదు. చూడకపోవటం ఎంత నరకమో అప్పుడు తెలిసింది. అన్నం పోయిందా, ఆమె తిన్నదా, జ్వరం దిగిందా, చెప్పేవాళ్ళు లేరు. రాజమల్లు వచ్చేవాడు, కొత్తదాంట్లో వండేవాడు, పోయేవాడు. ముఖం చూసి ఏమీ తెలిసేది కాదు. నా వైపు చూసేవాడు కాదు. నామీద ధూళి పేరుకుంది. మెట్లమీద ప్రతి అడుగుకూ నేను బిగుసుకునేవాణ్ణి, ఆ రోజు సైదులు కోసం మూత తీయకుండా తిరిగొచ్చిన పప్పన్నం గుర్తొచ్చేది.

ఒకనాడు సాయంత్రం అతను మెట్లెక్కుతూ విమలక్కతో చెబుతుంటే విన్నాను. కౌంటు లేచిందట. మొదట గింజంత, మర్నాడు దానికి రెట్టింపు. జ్వరం దిగిందట. చేను మొలిచింది.

అప్పుడే నేను పేలిన రోజు సంగతి కూడా చెప్పాడు. కొత్త కుక్కర్ చూసి సువర్ణ కళ్ళతోనే అడిగిందట, మనది ఏదని. అబద్ధం చెబుదామనుకుని చెప్పలేకపోయాడు. "పేలిపోయింది సువర్ణ. దాంట్ల వండుకున్నోళ్ళు గూడ పోయిర్రంట" అని ఏడ్చేశాడట. పుండ్లతో నిండిన నోరు కష్టంగా తెరిచి ఆమె అన్న మాట ఇది.

"అన్నం ఉడికిందా?"

"ఉడికింది."

"మరింకేంది, తినిపియ్యి."

ఆ రాత్రే, సైదులు స్నేహితులిచ్చిన ప్లేట్‌లెట్లు ఎక్కుతుంటే, రోజూ తినే రెండు చెంచాలకు మూడోది చేర్చిందట. ఇన్నాళ్ళూ అతను నాకు పూజలు చేశాడు. ఆమెకు మాత్రం కావలసింది అన్నం. ఇంతసేపూ మగవాడి తెలివి గురించి మీకు చెప్తూ వచ్చాను కదా, ఇక ఆడమనిషి తెలివి గురించి వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు రాజమల్లు నన్ను దుకాణానికి తీసుకుపోయి కొత్త వాల్వ్, కొత్త రబ్బరు వేయించాడు. గొట్టంలోని పప్పుతొక్కను తనే పిన్నీసుతో తీశాడు. "ఇగ నిన్ను మొక్క. వండుకుంట, గంతే" అన్నాడు. నాకు హాయనిపించింది. దేవుడి ఉద్యోగం చాలా కష్టమండీ, చెయ్యలేని పనులన్నీ మన మీద పడతాయి.

సువర్ణ గదికి తిరిగొచ్చింది. కొన్నాళ్ళు ఆసుపత్రికి దగ్గరలోనే ఉండాలన్నారు. ఇంటికి పొమ్మన్న రోజున రాజమల్లు పేర్లు చెక్కేవాణ్ణి గదికే పిలిపించాడు. వాడు మిషను తీసి, ఏం పేరని అడిగాడు.

"సైదులు" అంది సువర్ణ.

రాజమల్లు అదిరిపడ్డాడు. "గదేందే! చచ్చిపోయినోని పేరు ఎక్కితె రేపొచ్చేటోళ్ళు దీన్ని ముట్టుకుంటరా? భయపడి చస్తరు. నేను భయపడలేదా?"

"నువ్వు భయపడ్డది వాని పేరు లేకనే గదా?"

విమలక్క తాళాలగుత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె దాచిన మాటే ఇప్పుడు గది నడుమకు వచ్చింది.

"నా ఒంట్ల వాని దోస్తుల రక్తం ఉన్నది" అంది సువర్ణ. గొంతు ఇంకా గరగరగానే ఉంది. "వాళ్ళమ్మ వండింది నేను తిన్న. వాడు తిన్నట్టే నేను గూడ దీంట్ల తిన్న. నేను మిగిలిన, వాడు మిగల్లే. గందుల నా గొప్పేమున్నది? వాని పేరు లేకుంటె నా పేరు గూడ వద్దు."

ఫ్యాక్టరీలో నా పక్కన బుస్సుమన్నవాడు నాకు గుర్తొచ్చాడు. ఒకే రేకు. మనుషుల్లో ఈ సంగతి తెలిసిన మనిషిని మొదటిసారి చూశాను. అరవటం తప్ప ఇంకో పని చేతనైతే ఆ రోజు ఏడ్చేవాణ్ణి.

టిక్కుటిక్కుమని చుక్కలు పడ్డాయి. సైదులు, దాని కింద సువర్ణ.

ఆ తర్వాత మాణిక్యమ్మ ఎవరికోసమో రక్తమిచ్చేవాళ్ళను తీసుకొచ్చినప్పుడు విమలక్క నన్ను ఆమె ఒళ్ళో పెట్టింది. ఆమెకు చదువు రాదు. "యాడున్నది?" అని అడిగింది. విమలక్క ఆమె వేలు పట్టుకుని ఆ చుక్కల మీద పెట్టింది. మాణిక్యమ్మ వేలు అక్షరాల వెంట మెల్లగా పోయింది, చివరిదాకా పోయి మళ్ళీ మొదటికి వచ్చింది. "సైదులూ, తిన్నవా బిడ్డా" అంది. చీరకొంగుతో ఆ పేరును తుడిచింది. చాలాసేపు నన్ను ఒళ్ళోంచి దించలేదు.

రాజమల్లు చెప్పినట్టే జరిగింది, అదీ చెప్పాలి. నా మహిమ పోయింది. ఎవరో విమలక్కను అడిగారు, ఆమె ఈసారి దాచలేదు. ఒకరిద్దరు నన్ను వద్దని కొత్త కుక్కర్ తీసుకున్నారు. కొందరు మాత్రం తమవాళ్ళ పేర్లు పంపారు, పోయినవాళ్ళవి. అనంతపురం నుంచి మాస్టారి భార్య ఫోనుచేసి, ఆయన పేరు చెరపొద్దని చెప్పింది. ఎవరు చెరుపుతారమ్మా అంది విమలక్క. నా భుజం ఇప్పుడు దాదాపు నిండిపోయింది.

మొన్న సువర్ణ పరీక్షకు వచ్చింది. రెండేళ్ళయింది. జుట్టు ఒత్తుగా, రింగులు తిరిగి వచ్చింది, ఇదివరకు సాపుగా ఉండేదట. పరీక్షకు వచ్చిన ప్రతిసారీ ఈ మేడలోనే దిగుతారు. రాజమల్లు రిపోర్టు కోసం ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నాడు, ఆమె మాత్రం "గా బెంచి మీద కూసుంటె పానం గుంజుతది" అని విమలక్క దగ్గరకు వచ్చేసింది. నవ్వుతోంది గానీ చేతిరుమాలు వేళ్ళకు చుట్టుకుంటోంది, విప్పుతోంది.

అప్పుడే అనకాపల్లి నుంచి ఒకావిడ వచ్చింది, వరలక్ష్మి. కూతురికి మార్పిడి, రేపటినుంచి మందు ఎక్కిస్తారు. కళ్ళు వాచి ఉన్నాయి. విమలక్క నన్ను చేతికిచ్చింది. ఆమె నన్ను తిప్పి, పేర్లన్నీ చదివింది.

"ఈళ్ళంతా బతికినోళ్ళేనా అక్కా?"

సువర్ణ లేచి దగ్గరకు వచ్చింది.

"కాదమ్మా. దీంట్ల వండుకుని తిన్నోళ్ళు."

వరలక్ష్మి నన్ను కింద పెట్టేయబోయింది. మళ్ళీ పేర్ల వైపు చూసింది.

"మరి మీరో? మీ పేరుందా ఇందులో?"

"ఉన్నది. గిదే, సువర్ణ."

"మీకు తగ్గిపోయినట్టేనా?"

సువర్ణ వేళ్ళకున్న రుమాలు విప్పి నడుమున దోపుకుంది.

"పొద్దుగాల స్కాను తీసిర్రు. సాయంత్రం చెప్తరు" అంది. "గందాక ఆకలైతది గద, బియ్యం కడుగు. నీళ్ళు తేటగ అయ్యేదాక కడగాలె."

వరలక్ష్మి కొంగుతో ముఖం తుడుచుకుని పంపు తిప్పింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి బియ్యం కడిగారు. సువర్ణ నా గొట్టంలోకి ఒకసారి ఊది చూసింది. మూత బిగించారు, మంట పెట్టారు, ఇద్దరూ నా వైపే చూస్తూ నిలబడ్డారు.

ఈసారి నేను ఆలస్యం చెయ్యలేదు. సందు చివరిదాకా, ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్న రాజమల్లుకు కూడా వినపడాలని, ఉన్న నోరంతా పెట్టి అరిచాను.